ఇంకొక్క ట్రిప్పు

సముద్రంలో మొగుణ్ని పోల్చుకోవడానికి రోసెల్లాకు ఉన్నది ఒకటే గుర్తు, అతని ఎడమ చెయ్యి. కుడి చేత్తో క్లింట్ అందరిలాగే నీళ్లను కోసుకుంటూ పోతాడు. ఎడమ చేత్తో మాత్రం పిండిముద్దను బల్లకేసి కొట్టినట్టు కొడతాడు. ఎందరు నేర్పినా ఆ చెయ్యి ఎవరి మాటా వినలేదు.

ఉదయం ఆరు దాటి పది నిమిషాలైంది. కాటస్లో అనే ఊరి ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో, తెడ్డేసి నడిపే సన్నటి పడవలు, వందలకొద్దీ కయాక్‌లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఊగుతున్నాయి. ఒడ్డునుంచి వందలకొద్దీ గులాబీరంగు ఈత టోపీలు వాటి మీదికి దూసుకొస్తున్నాయి. ప్రతి కయాక్‌లోనూ ఎవరో ఒకరు తమ మనిషిని పేరు పెట్టి పిలుస్తూ గొంతు చించుకుంటున్నారు. పైన షార్కుల్ని కనిపెట్టే హెలికాప్టర్ రొద. ఎవరి కేక ఎవరికీ వినపడటం లేదు, అయినా అరవడం మానినవాళ్లు లేరు.

టపీ, టపీ, టపీ.

"దొరికాడు!" తన కయాక్‌లోంచి రోసెల్లా వాకీటాకీలో కేకపెట్టింది. "పప్పా, దొరికాడు!"

"అయ్యో పాపం," అంది సరీనో గొంతు. "పారిపోవడానికి మంచి అవకాశం పోగొట్టుకున్నావే అమ్మాయ్."

సరీనో రోసెల్లా తండ్రి. నలభై ఏళ్లు ఫ్రీమాంటిల్ రేవునుంచి క్రేఫిష్ అనే పెద్ద రొయ్యలు పట్టి, మోకాళ్లు అరిగాక మానేశాడు. ఆయన పాత పడవే ఇవాళ క్లింట్‌కు కాపలా పడవ. పదకొండేళ్ల మనవరాలు బియాంకాను పక్కన కూర్చోబెట్టుకుని వెనకాలే వస్తున్నాడు. అల్లుడికి ఆయన పెట్టిన పేరు సగం అల్లుడు. పెరట్లో షెడ్డు సగం కట్టి వదిలేశాడని, కాలేజీ చదువు సగంలో మానేశాడని, నిరుడు ఈ ఈతే సగంలో ఆపేశాడని ఆ పేరు. ఎదురుగానే పిలుస్తాడు, మొహమాటం లేదు.

కాటస్లోనుంచి రాట్టో ద్వీపానికి ఇరవై కిలోమీటర్లకు కాస్త తక్కువ. మధ్యాహ్నం రెండున్నరకల్లా అవతలి ఒడ్డున పసుపు కమాను దాటాలి. దాటితే చేరినట్టు, లేకపోతే లేదు. దారిలో పడవను గాని, కయాక్‌ను గాని, మనిషిని గాని ముట్టుకున్నా పోటీ అయిపోయినట్టే. అందుకని రోసెల్లా తాడు కట్టిన సీసాలు విసురుతుంది, అతను నీళ్లలోనే తేలుతూ తాగుతాడు. తియ్యటి టీ, మెత్తగా మెదిపిన బంగాళాదుంప, మధ్యమధ్య రంగురంగుల జెల్లీ పాములనే మిఠాయిలు.

తొమ్మిదేళ్లు క్లింట్ ఉత్తరాన ఇనుప గనిలో లారీ నడిపాడు. లారీ అంటే మామూలుది కాదు, చక్రమే ఇంటి పైకప్పంత ఉంటుంది. రెండు వారాలు గనిలో, ఒక వారం ఇంట్లో. విమానం ఎక్కేముందు ప్రతిసారీ ఒకే మాట, "ఇంకొక్క ట్రిప్పు రోజ్, అంతే." మొదట్లో రోసెల్లా నమ్మింది. తర్వాత నమ్మినట్టు నటించింది. ఆ తర్వాత ఆ మాట వినగానే లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టేది, అవి కడిగిన గిన్నెలైనా సరే.

నిరుడు ఫిబ్రవరిలో ఈత అయ్యాక మానేస్తానన్నాడు. ఈత పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఆగిపోయింది. మర్నాడే విమానం ఎక్కి రెండు ట్రిప్పులు కలిపి చేశాడు, అయిదు వారాలు ఇంటి ముఖం చూడలేదు. ఓడిపోయినప్పుడల్లా క్లింట్ గనికే పరుగెడతాడు. అక్కడ ఓడిపోవడమంటూ ఉండదు, గేరు వేస్తే లారీ కదులుతుంది.

చివరికి జులైలో అతనిచేత మానిపించింది బియాంకా. బళ్లో ఏదో కాగితం నింపమంటే, నాన్న చిరునామా అన్నచోట గని క్యాంపులో అతని గది నంబరు రాసింది. ఆ కాగితం చూశాక క్లింట్ మళ్లీ విమానం ఎక్కలేదు. నలభై నాలుగేళ్ల వయసులో టీచరు చదువులో చేరాడు. తెల్లవారుజామున ఈతకొలను, తొమ్మిదికి క్లాసు, మూడింటికి బియాంకా బడి, సాయంత్రం రోసెల్లా సెలూన్ మూసి వచ్చేసరికి వంట. శిక్షణకు వెళ్లిన బళ్లో నాలుగో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పే ముందు కూతురిమీద రిహార్సలు వేసేవాడు. అది తప్పులు పట్టుకుని తెగ మురిసిపోయేది.

ఇక మొన్న గురువారం గనినుంచి పాత పైఅధికారి డెస్ ఫోన్ చేశాడు. సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ ఉంది, ఆదివారంలోగా చెప్పమన్నాడు. క్లింట్ వద్దనలేదు. "ఆలోచిస్తా," అన్నాడు. ఇవాళ శనివారం. ఇతను ద్వీపం చేరకపోతే రేపు డెస్‌కు ఏం చెబుతాడో ఆమెకు చెప్పాల్సిన పనిలేదు.

తొమ్మిదీ యాభైకి పది కిలోమీటర్లు!

"సగం అయింది!" రోసెల్లా తెడ్డు గాల్లోకి ఎత్తి ఊపింది. పడవలో బియాంకా గిన్నెమీద గరిటెతో దరువు వేసింది.

"ఇక్కడిదాకా మావాడికి బాగా అలవాటే," అన్నాడు సరీనో.

చుట్టూ ఉన్న కయాక్‌లలో అప్పుడే అబద్ధాలు మొదలయ్యాయి. "ఇంకో పది నిమిషాలే! అదిగో వచ్చేశాం!" అని ఒకామె తన అక్కను ఊరిస్తోంది. ఈ ఈతలో తెడ్డు వేసేవాళ్లందరి మాటా అదే. ఎంత దూరమున్నా పది నిమిషాలే. నిరుడు క్లింట్ పక్కన కయాక్‌లో ఉన్న స్నేహితుడు గావ్ ఆ పది నిమిషాలు ఏడుసార్లు చెప్పాడు. ఏడోసారికి క్లింట్ ఈదుకుంటూ వెళ్లి పడవ అంచు పట్టుకున్నాడు.

అందుకే ఈ ఏడు రోసెల్లా ఒక షరతు మీద తెడ్డు పట్టింది. "నేను అబద్ధం చెప్పను. అడిగితే నిజమే చెప్తా. మనింట్లో ఇంకొక్కటి, ఇంకొక్కటి అనేది ఇప్పటికే చాలా అయింది."

"సరే," అన్నాడు క్లింట్, చెవులు ఎర్రబడుతుండగా.

పదకొండు కాకుండానే డాక్టరు వచ్చేశాడు. మధ్యాహ్నాలు సముద్రం మీంచి ఎదురుగా, కాస్త ఎడమనుంచి వీచే గాలికి ఆ ఊళ్లో అదే పేరు. వేసవిలో ఒంటికి హాయి అని ఆ పేరు పెట్టారు గాని, నీళ్లలో ఉన్నవాడికి అంత పాపిష్టి డాక్టరు ఇంకొకడు లేడు. మామూలుగా భోజనాలవేళకు వస్తాడు. ఇవాళ పెందలాడే పని పెట్టుకున్నాడు. నిమిషాల్లో నీళ్లు లేచి తెల్లటి నురగలు కక్కాయి. ప్రతి అలా క్లింట్ మొహాన చరుస్తోంది. రోసెల్లా ఒడిలోకి నీళ్లు, సీసాల్లోకి నీళ్లు, కళ్లనిండా ఉప్పు.

పన్నెండూ నలభైకి వాకీటాకీ గురగురలాడింది.

"అమ్మాయ్, నాలుగు కిలోమీటర్లుంది. ఇప్పుడు కిలోమీటరుకు అరగంట పడుతోంది. లెక్క నువ్వే వేసుకో."

వేసుకుంది. రెండూ నలభై. గడువు రెండున్నర.

"ఎక్కించేద్దామా?" అన్నాడు సరీనో. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది.

క్లింట్ ఈత ఆపి తల పైకెత్తాడు. పెదాలు వాచిపోయాయి, మెడమీద జెల్లీచేప కుట్టిన ఎర్రటి చారలు.

"చేరతానా రోజ్?"

ఒక్క క్షణం గావ్ మీద ఉన్న కోపమంతా పోయింది ఆమెకు. ఎందుకు అబద్ధం చెప్పాడో అర్థమైంది. చేరతావు, అదిగో అక్కడే, అనడానికి నోరు తెరుచుకుంది కూడా.

"ఇలాగే ఈదితే చేరవు," అంది. "పది నిమిషాలు ఆలస్యమవుతావు."

"పదా?" క్లింట్ ఉమ్మేశాడు. "గావ్ చెప్పే పదేనా?"

"కాదు. గడియారం చెప్పే పది."

క్లింట్ వెనక్కి తిరిగి మామగారి పడవకేసి చూశాడు. పడవ దగ్గరగానే ఉంది. అంచుమీద బియాంకా గరిటె పట్టుకుని నిలబడి ఉంది, దరువు ఆపేసి.

"పోనీలే," అన్నాడు. "డెస్‌కి చెప్పేస్తా. వచ్చే నెలనుంచి..." అంటూ పడవవైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు!"

అంత గట్టిగా అరిచానని రోసెల్లాకు తర్వాత గాని తెలియలేదు. పక్క కయాక్‌లవాళ్లు కూడా తిరిగి చూశారు.

"క్లింట్, ఇటు చూడు. ఇంకొక్క ట్రిప్పు."

"ఏంటీ?"

"తొమ్మిదేళ్లు అన్నావు కదా నాతో. ఇంకొక్క ట్రిప్పు రోజ్, అంతే, అని. ప్రతిసారీ సరే అన్నానా లేదా? ఏడుస్తూనో తిడుతూనో సరే అన్నాను. ఇప్పుడు నేనడుగుతున్నా. నాకోసం ఇంకొక్కటి. అంతే."

అల ఒకటి వచ్చి ఇద్దరినీ ఎత్తి దించింది. క్లింట్ మొహం ముడుచుకుపోయింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ తడిలో ఎవరికి తెలుస్తుంది? ఈత కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"టీ ఇయ్యి."

సగం టీ తాగాడు, మిగతా సగం సముద్రం తాగింది. సీసా విసిరికొట్టి మొహం నీళ్లలో పెట్టాడు.

టపీ. టపీ. టపీ. టపీ!

"పప్పా! నువ్వు ఎడమ పక్కకొచ్చి గాలికి అడ్డం నిలబడు!" అని రోసెల్లా కేకేసింది. నిబంధనల ప్రకారం తగినంత దూరం ఉంచి, సరీనో పడవను ఎడమ పక్కకు తెచ్చాడు. ఎన్ని తుఫానులు చూశాడో, ఆ వయసులో చుక్కాని పట్టుకున్న తీరు చూసి తీరాలి. బియాంకా మళ్లీ దరువందుకుంది. ఆ దరువుకే క్లింట్ చేతులు పడుతున్నాయి, ఆ దరువుకే రోసెల్లా తెడ్డు లేస్తోంది.

మూడు కిలోమీటర్లు. ఒంటిగంటా ఏడు.

రెండు కిలోమీటర్లు. ఒంటిగంటా ముప్ఫై అయిదు.

"పెంచాడు! వేగం పెంచాడు!" వాకీటాకీలో సరీనో అరుపు. "తాతా, నాకియ్యి!" అంటూ బియాంకా లాక్కున్నట్టుంది. "అమ్మా, నేను లెక్క వేశాను! నాన్న చేరతాడు! భిన్నాలతో వేశాను!"

ఆఖరి కిలోమీటరులో ద్వీపం గాలిని ఆపేసింది. నీళ్లు సద్దుమణిగి పచ్చగా అయ్యాయి, అడుగున ఇసుక కనిపించింది. ఒడ్డున జనం, జెండాలు, పసుపు కమాను. కమానుమీద గడియారం రెండూ ఇరవై రెండు. పడవలు ఆగాల్సిన గీత రాగానే సరీనో ఆగాడు. కయాక్‌లు ఆగాల్సిన గీత రాగానే రోసెల్లా పక్కకు తిప్పి, ఒడ్డుకు తోసి, మోకాలిలోతు నీళ్లలోకి దూకింది.

క్లింట్ నేల తగిలి లేవబోయాడు. ఎనిమిది గంటలు అడ్డంగా ఉన్న ఒళ్లు నిలువుగా నిలబడనంది. పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. పట్టుకోవాలని రోసెల్లా చేతులు గుంజుకుంటున్నాయి. రెండు చేతులూ చంకల్లో బిగించి పెట్టుకుని, అతని పక్కనే వెనక్కి వెనక్కి నడుస్తూ గోల పెట్టింది.

"లే! లేవయ్యా బాబూ! ఆరడుగులు! నిజంగా ఆరే, లెక్కపెట్టా!"

మోకాళ్లమీద పాకాడు. కమాను కింద గీత మీద బోర్లా పడ్డాడు.

రెండూ ఇరవై ఏడు!

అప్పుడు ముట్టుకుంది. ఇసుకలోనే కూర్చుని ఆ బరువంతా ఒడిలోకి లాక్కుని, ఊళ్లోవాళ్లంతా చూస్తున్నారన్న ఇంగితం లేకుండా భోరుమంది. దూరంగా నీళ్లలో సరీనో పడవ హారన్ మోగుతూనే ఉంది. ఆపమని ఎవరో మైకులో బతిమాలినా ఆయన ఆపలేదు.

"ఫోల్," అన్నాడు క్లింట్.

"ఆ?"

"ఫోల్. డెస్."

ఉప్పునీళ్లకు నాలుక వాచి నోరంతా నిండిపోయింది. డెస్ పేరు వినగానే రోసెల్లా అతని మొహంలోకి చూసింది. చేరాక కూడా డెస్సేనా? అయినా మెడలోని సంచీలోంచి ఫోన్ తీసి, నంబరు కలిపి, స్పీకర్ పెట్టి అతని నోటి దగ్గర ఉంచింది.

"లేలు లాలు," అన్నాడు క్లింట్.

"ఎవరది?" అన్నాడు డెస్.

"లేలు. క్లిల్ట్. లేలు లాలు! బల్లో పిల్లలున్లాలు!"

"క్లింట్? ఏంటయ్యా, పట్టపగలే తాగావా?"

రోసెల్లాకు ముందు పిల్లలన్న మాట అర్థమైంది. తర్వాత మిగతాది. నవ్వు తన్నుకొచ్చింది, ఏడుపు ఇంకా పూర్తికాకుండానే. ఫోన్ తన నోటి దగ్గరకు తీసుకుంది.

"నేను వాళ్లావిణ్ని. ఆయన రానంటున్నాడు."

"అలా అంటే ఎలాగమ్మా," అన్నాడు డెస్ బుజ్జగిస్తూ. "ఒక్కసారి వచ్చి చూడమను. ఇంకొక్క ట్రిప్పు, అంతే."

"ఆ ఇంకొక్కటీ ఇప్పుడే అయిపోయింది," అంది రోసెల్లా. "అదే ఆఖరు."

ఫోన్ పెట్టేసి సంచీలో చెయ్యిపెట్టి వెతికింది. అడుగున ఒక్క ఎర్ర జెల్లీ పాము మిగిలి ఉంది. దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి మొగుడి నోట్లో పెట్టింది, ఒకటి తాను తినేసింది.