దొరగారి పరీక్ష

మెష్ మేస్త్రికి ఒక పట్టుదల ఉంది. పిల్లో కుక్కో ఉన్న ఇంట్లో కిటికీలకు దోమల మెష్ బిగిస్తే, అది వచ్చి గోళ్లతో గీకి చూసేదాకా గడప దాటడు. "గట్టిదని నేనంటే సరిపోతుందా? అది ఒప్పుకోవాలి కదా" అంటాడు.

ఈ ఇంట్లో పిల్లిని అందరూ దొరగారంటారు. ఏడాదిలో రెండు మెష్‌లు చింపి పోగులు పెట్టిన ఘనత ఆయనది. అందుకే ఈసారి మేస్త్రి బాగా దళసరి రకం తెచ్చి, ఫ్రేము గాడిలోకి రబ్బరు బీడింగు బిగుతుగా నొక్కి, నాలుగు కిటికీలూ మధ్యాహ్నానికల్లా ముగించాడు. తీరా చూస్తే దొరగారు సోఫా మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.

"లేపనా?" అంది ఇంటావిడ.

"వద్దమ్మా. వారికే బుద్ధి పుట్టాలి. బలవంతాన గీకితే లెక్కలోకి రాదు."

రెండు టీలు అయ్యాయి. వేరే ఇంటివాళ్లు ఫోన్ చేసినా మేస్త్రి కదల్లేదు. చివరికి దొరగారు లేచి, ఒళ్లు విరుచుకుని, ఒక్క ఉదుటున కిటికీ మీదికి దూకారు. గోళ్లు దిగలేదు. సర్రున జారిపోయారు. మళ్లీ దూకారు, మళ్లీ జారారు. మెష్ మీద గీత కూడా పడలేదు. మేస్త్రికి కడుపు నిండిపోయింది.

పరువు పోయిన దొరగారు అటూ ఇటూ చూసి, మేస్త్రి ప్యాంటు పట్టుకుని మోకాలి దాకా ఎక్కేశారు. బట్ట పర్రున చిరిగింది.

ఇంటావిడ అత్తగారు కళ్లజోడు సవరించుకుని ఆ చిరుగుకేసి తీరిగ్గా చూసింది.

"ఆ మిగిలిన మెష్ ముక్కతో ఓ ప్యాంటు కుట్టించుకో నాయనా" అంది.