ఫ్లెక్సీకి సరిపడ్డ సగటు

ఆటలతో లెక్కలు నేర్పండని పైనుంచి ఉత్తర్వు రాగానే హెడ్మాస్టరు పురుషోత్తం అన్నిటికంటే ముందు ఫ్లెక్సీ కొట్టించాడు. పిల్లలు ఇంకా ఒక్క దూకు దూకనే లేదు. అయినా దాని నిండా తనిఖీకి రాబోయే డిప్యూటీ సారు ఫొటో, కింద ఎర్రటి అక్షరాలతో ‘మా పిల్లల లాంగ్‌జంప్ సగటు: మూడు మీటర్లు’. ముందే కొట్టించకపోతే టైముకు అందదట. ఏం చెప్పమంటారు ఆ ముందుచూపు గురించి!

ఆ మూడు మీటర్లను నిజం చేసే భారం లెక్కల టీచరు రాహేలు నెత్తిన పడింది. మాదన్నపేట మార్కెట్ వెనకాల ఇరుకులో ఉన్న బడికి మైదానం ఎక్కడిది? బాత్రూములు కట్టగా మిగిలిన ఇసుకను వరండా పక్కన పరిచి, మూడు మీటర్ల దగ్గర సున్నంతో గీత గీశారు. ఐదుగురు పిల్లలు సరిగ్గా ఆ గీత మీదే పడాలని వారం పాటు ప్రాక్టీసు. రాహేలుకు ఒళ్లు మండిపోయేది. కానీ ఆ ఐదుగురిలో నందిని ఉంది. పాలు పోసే కొండల్ బిడ్డ, తెల్లారితే పాలక్యాను పట్టుకుని గల్లీలో మోరీలన్నీ దూకుతూ తిరిగే పిల్ల. తనిఖీ రోజు కొలతను బట్టే జోనల్ పోటీలకు పేరు వెళుతుంది. అందుకే రాహేలు నోరు మూసుకుంది.

ఎందుకైనా మంచిదని డిప్యూటీ సారు రాకముందే పోటీ కానిచ్చేశారు. నలుగురూ బుద్ధిగా గీత మీద పడ్డారు. నందిని మాత్రం గీత దాటిపోయి ఇసుక చివర పడింది. టేపు పెడితే నాలుగు మీటర్లు! రాహేలు చప్పట్లు కొట్టింది. పురుషోత్తం తల పట్టుకున్నాడు.

"ఆ పిల్లది మూడని రాయుండ్రి మేడం. గిప్పుడు ఫ్లెక్సీ ఏడ మార్పిస్తం?"

మూడని రాస్తే నందిని జోనల్‌కు పోయినట్టే! ఆమెది తగ్గించేది లేదని రాహేలు తెగేసి చెప్పింది. పిల్లల్ని పిలిచి లెక్క ఇచ్చింది. నందిని నాలుగు మీటర్లు అలాగే ఉండాలి, ఐదుగురి సగటు మూడే రావాలి, ఏం చేద్దాం? ఏడాదంతా సగటు అంటే తెల్లమొహం వేసిన తరగతి ఇట్టే తేల్చేసింది. ఎక్కువైంది ఒక మీటరు కనుక తక్కిన నలుగురూ తలా పావు మీటరు వదులుకుంటే సరి. ఆ నలుగురిలో ఒకడు, భాగహారం పేరెత్తితే జ్వరం తెచ్చుకునే జోయెల్ అందరికంటే ముందు చెప్పాడు. సంతోషపడాలో సిగ్గుపడాలో రాహేలుకు అర్థం కాలేదు.

డిప్యూటీ సారు వచ్చి, బోర్డు మీద పేర్లతో సహా రాసిన లెక్క చూసి మురిసిపోయాడు. పొడుగ్గా ఉన్న జోయెల్‌ను లేపి, ఇంత మనిషివి మూడు మీటర్లు కూడా దూకలేకపోయావా అని వేళాకోళమాడాడు.

"మూడు దుంకిన సార్. నందినిది కొయ్యొద్దని మేమే తలా పావు మీటరు ఇచ్చినం."

పురుషోత్తం ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నందిని పేరు కాస్తా పోయినట్టే అనుకుంది రాహేలు. డిప్యూటీ సారు బోర్డును చూశాడు, నందినిని చూశాడు, తలెత్తి ఫ్లెక్సీలో నవ్వుతున్న తనను తాను చూసుకున్నాడు.

"లెక్కయితే కరెక్టే వచ్చింది" అని, జోనల్ పోటీల కాగితంలో నందిని పేరు పక్కన సంతకం పెట్టేశాడు.