అవతలి గోడ

బ్లీచింగ్ నీళ్ళలో ముంచిన బ్రష్షుతో గోడ రుద్దుతుంటే అత్తయ్య గుమ్మంలోంచే అంది, "ఇల్లాలు ఇంట్లో ఉండగా గోడకి బూజెక్కడిదమ్మా?"

నేను ఇంట్లో ఎక్కడున్నాను? పగలంతా పంటి డాక్టరుగారి క్లినిక్‌లో ఫోన్లెత్తుతాను. ఉదయం వంట, సాయంత్రం వంట, ఆదివారం ఈ గోడ. గోడకవతల మా ఆయన పడకగది. అక్కడి ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం ఎక్కడో మూసుకుపోయింది. ఆ నీళ్ళన్నీ గోడే తాగుతోంది. ఆయన వైపు చెక్క పలకలు బిగించారు కనుక చెమ్మ కనబడదు. ఇవతల సామాన్ల గదిలో, నా మంచం తలవైపు, నల్లటి బూజై పొడుచుకొస్తుంది.

సామాన్ల గదికి నన్ను తెచ్చింది దగ్గు. "నీ దగ్గుతో నాకు నిద్ర లేదు, కొన్నాళ్ళు అటు పడుకో" అన్నారాయన. ఇటు వచ్చాక దగ్గు పెరిగింది. పెరిగింది కనుక వెనక్కి రావద్దన్నారు. ఇంత చక్కటి ఉచ్చు ఎవరూ కావాలని పన్నలేరు, దానంతటదే బిగుసుకుంది అనుకునేదాన్ని అప్పట్లో.

మెకానిక్ ఒకసారి వచ్చి చూశాడు. ఏసీ ఆపి, గోడ కొంత పగలగొట్టి, బాగా ఆరనివ్వాలన్నాడు. "ఏసీ ఆపితే నేను నిద్రపోవద్దా? పొద్దున్నే ఆఫీసుంది నాకు" అని ఆయన పంపించేశారు. నాకూ పొద్దున్నే క్లినిక్కుంది. ఆ మాట గొంతు దాకా వచ్చి దగ్గైపోయింది. తర్వాత అత్తయ్య బూజు మీదే తెల్ల రంగు వేయించింది. నెల తిరక్కుండా రంగు పొక్కులు లేచి, కింద నుంచి నలుపు తొంగిచూసింది. "అంతా నీ చేతి మహిమ" అంది.

క్లినిక్‌లో డాక్టరుగారు నాతో చెప్పలేదు, నా ఎదుటే నర్సుతో చెప్పారు. "ఈవిడ బట్టలు ముక్కిపోయిన వాసనొస్తున్నాయి. ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టు. ఆ దగ్గు విని పేషెంట్లు లేచిపోతున్నారు." నర్సు నవ్వాపుకుంటూ నా కుర్చీ మోసుకెళ్ళింది.

ఛాతీ డాక్టరు నా ఊపిరిలో ఈల వినబడుతోందన్నాడు. ఆ గది మారకపోతే ఊపిరితిత్తులు బాగుపడవన్నాడు. ఇంటికొచ్చి అదే చెప్పాను. "గాలి మార్పు కావాలేం మహారాణికి?" అన్నారాయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఈ ఉదయం ఆడపడుచు టాక్సీ దిగింది. కడుపుతో ఉంది, పురుడు దాకా ఇక్కడే. ఆమె సూట్‌కేసుని ఆయన తన గదిలోకి తీసుకెళ్తుంటే అడ్డుపడింది.

"నీ గది నాకెందుకన్నయ్యా? సామాన్ల గదిలో వదినతో సర్దుకుంటాలే."

"ఆ గదిలోనా!" అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఒట్టి మనిషివా నువ్వు? ఆ బూజు గాలి పీలిస్తే ఊపిరితిత్తులు పాడైపోవూ? అటు వైపే వెళ్ళకు."

"మెకానిక్‌కి ఫోన్ చేశాను" అన్నారాయన. "రేపే ఏసీ ఆపించి గోడ పగలగొట్టిస్తా. నీకు ఆ గాలి తగలకూడదు."

"మరి వదిన?"

"వదినకేం, గట్టి పిండం" అంది అత్తయ్య. ఆయన నవ్వారు.

ఇన్నాళ్ళూ వాళ్ళకు తెలియదనుకున్నాను. తెలిసేలా చెప్పడం నాకు చేతకావడం లేదనుకున్నాను. స్నానాల గదిలో నిలబడి మాటలు కూర్చుకునేదాన్ని, నెమ్మదిగా చెప్పాలా, ఏడ్చి చెప్పాలా, ఆయన తిన్నాక చెప్పాలా అని. వాళ్ళకు నాకంటే ముందే తెలుసు.

నా మందులు బ్యాగులో వేసుకుని బయటికి నడిచాను. ఇరుకు సందులో టాక్సీ ఇంకా వెనక్కి తిప్పుకుంటోంది.

"ఎక్కడికే, కాఫీ కూడా పెట్టకుండా?" వెనక నుంచి అత్తయ్య.

ఎక్కి తలుపేసుకున్నాను. డ్రైవరు నా దగ్గు ఆగేదాకా ఆగి అడిగాడు. "ఏసీ వేయమంటారా మేడమ్?"

"వద్దు. అద్దాలన్నీ దించండి."