కూతురి పేరున కొంగ

ఇస్త్రీ దుకాణం పొద్దున్నే ఏడింటికి తెరుచుకుంటుంది. ఆ దుకాణం నడిపే ఇల్లాలు చొక్కాల మీద నీళ్ళు చిలకరించి ముందు కాలరు, తర్వాత చేతులు, ఆఖరున వీపు రుద్దుతుంది. పక్కనున్న బేకరీ మాత్రం చలికాలమంతా మూతే. బేకరీ ఆయన ఎలుగుబంటిని దత్తత తీసుకున్నాడు మరి. అది పడుకున్నన్నాళ్ళూ ఆయనా పడుకుంటాడు. రొట్టె కోసం రెండు వీధులు నడవాల్సి వస్తోందని జనం సణుక్కుంటారు, అంతే.

అంతరించిపోతున్న జంతువుల కోసం ఆ ఊళ్ళో ఏటా ఒక సంత పెట్టి చందాలు పోగుచేస్తారు. చందా ఇచ్చి కాగితం మీద ఎవరి పేరు రాస్తే వాళ్ళకి ఒక జంతువు దత్తత అవుతుంది. ఆ రోజు నుంచి దాని ఒంట్లో ఎలా ఉంటే వీళ్ళ ఒంట్లోనూ అలాగే ఉంటుంది. దాని బాధ వీళ్ళకొస్తుంది కానీ వీళ్ళ తిండి దానికి అందదు. మాంసం కొట్టాయన తన పులి కోసమని మూడేళ్ళుగా రెండు పూటలా లాగిస్తున్నాడు. పులీ చిక్కిపోయింది, ఆయనా చిక్కిపోయాడు.

ఇల్లాలి భర్త బస్సు డ్రైవరు. మంచివాడే కానీ, బ్యాంకు పుస్తకం దగ్గర్నుంచి టిఫిన్ డబ్బా దాకా ఎక్కడ చోటు దొరికినా కూతురి పేరు రాయిస్తాడు. నిరుడు సంతలో కొంగ కాగితం మీదా అదే రాశాడు.

మొదట్లో అంతా ముద్దుగానే ఉండేది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఎక్కాలు చదివేది. ఈ ఎండలకి కొంగ ఉండే మడుగు ఎండిపోయింది. పిల్లకి గొంతులో ముద్ద దిగడం మానేసింది.

"పిల్లలో జబ్బు లేదమ్మా, మందు మడుగుకి వెయ్యాలి," అన్నాడు డాక్టరు.

ఇల్లాలు సంత నడిపే మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. "పిల్ల పేరు తీసేసి నా పేరు రాయండి మాస్టారూ."

"రాసింది మారదమ్మా. మారేదైతే నేనెప్పుడో ఈ తాబేలుని వదిలించుకునేవాణ్ణి," అన్నాడాయన. కుర్చీలోంచి లేవడానికే ఆయనకి పావుగంట పడుతుంది. "ఈసారి సంత కొంగ కోసమే పెడదాం. వచ్చిన చందాతో మడుగుకి నీళ్ళు తోలిద్దాం."

ఆయన నడకకి సంత కుదిరేసరికి మూడు వారాలు పట్టింది. ఇల్లాలు కాళ్ళకి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇంతవరకూ ఎవరి జంతువూ చావలేదు. చస్తే మనిషి ఏమవుతాడో ఎవరికీ తెలియదు, ఆ మాట ఎత్తే ధైర్యమూ ఎవరికీ లేదు.

సంత రోజు ఊరంతా బడి హాలుకి వచ్చింది. నీళ్ళ ట్యాంకర్లు బయట వరసగా ఆగాయి. ఇల్లాలు పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకునే టిక్కెట్లు అమ్మింది. సాయంత్రం నాలుగింటికి పిల్ల ఒళ్ళు చల్లబడింది. తల్లి కేక వెయ్యబోయేంతలో పిల్ల లేచి కూర్చుంది.

"అమ్మా, ఆకలేస్తోంది."

మూడు వారాలుగా ఆ తల్లి ఎదురుచూసిన మాట అది. డ్రైవరు ఆనందం పట్టలేక ఏడ్చేశాడు. "చూశావా, నీళ్ళు పోసీ పొయ్యగానే..." అంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. ట్యాంకర్లు ఇంకా కదల్లేదు. మడుగులో చుక్క నీరు పడకుండానే పిల్ల ఒంట్లోంచి కొంగ బాధ పోయిందంటే ఏమిటో ఆయనకి అర్థమైంది.

బేకరీ ఆయన వేడి బన్ను తెచ్చిచ్చాడు. పిల్ల ఆబగా తింది, ఇంకోటి అడిగింది. తల్లికి ప్రాణం లేచొచ్చింది. అంత సంతోషం కలిగినందుకు సిగ్గుతో తల వంచుకుంది.

"కొంగ తిందా అమ్మా?"

"నువ్వు తిను, బంగారూ."

బయట మాస్టారు మెల్లగా చెయ్యి ఊపాడు. ట్యాంకర్లు మడుగు వైపు బయలుదేరాయి. ఆపమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.