చెరి సగం గళ్ళు

ఎనభై రెండో సంవత్సరం మార్చి నెల. అనంతరామయ్య అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చి అయిదు నెలలు దాటింది. కూతురు నళిని పొద్దున ఆఫీస్‌కి వెళ్తూ ఆయన్ని లైబ్రరీ దగ్గర దించేది, లంచ్ టైమ్‌లో వచ్చి తీసుకెళ్ళేది. ఆ నాలుగు గంటలూ ఆయన కిటికీ పక్క కుర్చీలో, లండన్ నుంచి వారానికొకటి చొప్పున ఆలస్యంగా వచ్చే పేపరు ముందేసుకుని కూర్చునేవాడు.

వార్తల కోసం కాదు. వెనక పేజీలో ఉండే క్రాస్‌వర్డ్ కోసం.

ముప్పై ఏళ్ళు ఆయన చిన్న స్టేషన్‌కి మాస్టరు. రోజుకి రెండు పాసింజర్లు ఆగేవి. ఒకటి పోయి రెండోది వచ్చేలోగా, గార్డు పడేసిపోయిన ఇంగ్లీషు పేపర్లో గళ్ళు నింపడం అలవాటైంది. ఆ ఆధారాలు పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి దాచుకుంటాయి. ‘మతి చెదిరిన మేరీ సైన్యంలో చేరింది’ అంటే ఏ మేరీ కోసమూ వెతకనక్కర్లేదు. మేరీలోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ చెదరగొడితే ఆర్మీ వస్తుంది. కిటుకు పట్టుబడింది గానీ మాటలే ఎక్కడివో. మూర్ అంటే చెట్టూ చేమా లేని పొగమంచు బీడని అట్ట ఊడిన డిక్షనరీ చెప్పింది. స్కలరీ అంటే వంటింటి వెనక అంట్లు తోముకునే గది. చూడని ఆ దేశాన్ని ఆయన ఒక్కో మాటతో కట్టుకున్నాడు. ఆ బీడు మీద రేగడి మట్టి వాసన వేసేది. ఆ గదిలో తోమిన ఇత్తడి చెంబులు బోర్లించి ఉండేవి.

డిసెంబర్‌లో ఒకరోజు వచ్చి చూస్తే సగం గళ్ళు అప్పటికే నిండి ఉన్నాయి. పలచటి పెన్సిలు, ఒరిగిన అక్షరాలు. ఓడ తాళ్ళూ, చర్చి పదవులూ, వంట సామానూ అన్నీ రాసేసి, క్రికెట్ మాటలు మూడూ వదిలేశారెవరో. నాకోసమే ఉంచారనుకున్నాడు. ఆయన వాటిని నింపి, తనకి తెలిసినవే మరో నాలుగు ఖాళీగా ఉంచాడు, విస్తట్లో మిఠాయి పక్కవాడి వైపు జరిపినట్టు. మర్నాటికి అవి నిండాయి. అప్పట్నుంచి ప్రతి వారం అంతే. లైబ్రరీ వాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ ఊళ్ళో ఆయనతో రోజూ మాట్లాడే మనిషంటే ఆ పెన్సిలే. గడ్డం నెరిసిన నావికుడెవరో అయి ఉంటాడని ఊహించుకున్నాడు.

శనివారం తిరుగు ప్రయాణం. గురువారం పొద్దున కార్‌లో అన్నాడు.

“ఇవాళ సాయంత్రం దాకా ఉంటానమ్మా.”

“ఎల్లుండి ఫ్లైట్ పెట్టుకునా? సూట్‌కేస్ వెయిట్ కూడా చెక్ చేయలేదు నాన్నా.”

“నావెంత, ఆరు పంచెలు.”

“పంచెలు కాదు, మీరు దాచిన ఖాళీ జామ్ సీసాలు. సరే గానీ, ఎవరైనా ఫ్రెండ్ వస్తున్నారా?”

“ఫ్రెండో కాదో చూడాలి,” అన్నాడు. ఒక్కసారి చూడకుండా వెళ్ళిపోతే, ఆ పెన్సిలు మనిషి కలలాగే మిగిలిపోతాడని ఆయన భయం.

సాయంత్రానికి మళ్ళీ మంచు పట్టుకుంది. కిటికీ అవతల కార్లు తెల్లటి దిబ్బలయ్యాయి. పేపరు ఎదురు బల్ల మీద పెట్టి కాపలా కూర్చున్నవాడికి కునుకు పట్టింది. ఆ తెలుపులోంచి మూర్ పరుచుకుంటూ వచ్చింది. దాని మీదుగా పాసింజరు, చప్పుడు లేకుండా, దీపం వేసుకుని.

కళ్ళు తెరిచేసరికి పేపరు ముందు ఒక ముసలావిడ. కోటు కింద స్కూలు క్యాంటీన్ ఏప్రన్, ఉల్లిపాయల వాసన. జడ ముడిలోంచి పెన్సిలు లాగుతోంది.

అనంతరామయ్య లేచి వెళ్ళి తన పెన్సిలు ముక్క ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ దాన్నీ ఆయన్నీ చూసింది. “క్రికెట్ మీరేనా?”

“నేనే. మీరు నాకోసం వదిలేవారు.”

“వదలడమా? నాకు రాక. మా నాన్న క్రికెట్ పిచ్చికి దాని పేరెత్తితేనే నాకు ఒళ్ళు మంట. మీకే పాపం స్కలరీ కూడా తెలియదనుకున్నా.”

“తెలుసు. మీకోసం వదిలాను.”

ఆవిడ చాలాసేపు చప్పుడు లేకుండా నవ్వింది. “మూడు నెలలుగా మీకు ఇంగ్లీషు నేర్పుతున్నాననుకుంటున్నానే.”

పేరు మార్జరీ. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ పిల్ల. యుద్ధంలో అమెరికన్ సోల్జర్‌ని పెళ్ళాడి వచ్చేసింది. “స్కలరీ అంటే మా ఆయన ఏదో జబ్బనుకున్నాడు. ముప్పై ఆరేళ్ళయింది ఆ మాట నోటితో అని.”

“మూర్ ఎలా ఉంటుంది?” అడిగాడాయన.

ఆవిడ కిటికీ వైపు చూసింది. “ఏమీ ఉండదు. గాలి. నడుస్తుంటే మన మాట మనకే వినపడదు.”

పాసింజరు వెళ్ళిపోయిన ప్లాట్‌ఫారమ్ లాగా, అనుకున్నాడు. పైకి మాత్రం, “శనివారం వెళ్ళిపోతున్నాను,” అన్నాడు.

ఆవిడ ఆయన కోసం పక్క కుర్చీ లాగింది.

వారమంతా పట్టే గళ్ళు పావుగంటలో మూడొంతులు నిండిపోయాయి. ఆయనకది తెలిసి పెన్సిలు నెమ్మదించింది. ఆవిడ కూడా చదివిన ఆధారాన్నే మళ్ళీ మొదట్నుంచి చదవసాగింది.

నళిని తాళాలు పట్టుకుని వచ్చి నిలబడింది. “వెళ్దామా నాన్నా? రోడ్డు ఐస్ కట్టేస్తోంది.”

“ఇంకా అయిదున్నాయి,” అన్నాడు తలెత్తకుండా.

నళిని ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కోటు విప్పి ఎదురు కుర్చీలో కూర్చుంది.