ఏడవనివ్వని ఆదరణ

శంషాబాద్ బస్టాండు వెనక వీధిలో, ఒక మేడ మీది రెండు గదుల కిరాయి ఇంట్లోంచి ఆ నెలంతా పాటలు వినిపించాయి. వంటలు ముగించుకొని చర్చి సంఘం ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో ప్రతి ఉదయం వచ్చేవారు. మెట్ల మీద చెప్పులు విడిచి, లోపల చాప పరుచుకొని, చప్పట్లు చరుస్తూ పాడేవారు. కింద వీధిలో వెళ్లేవారికి ఆ ఇంట్లో ఏదో సంతోషకార్యం ఉన్నట్టు అనిపించేది. ఆ ఇంట్లో పదకొండేళ్ల పాప చనిపోయింది.

పాప పేరు దీవెన. 2013 వానాకాలంలో జ్వరం వచ్చింది. దవాఖాన మార్చారు. అక్కడా తగ్గలేదు. అంతకన్నా ఆ జ్వరం గురించి చెప్పడానికి ఏమీ లేదు.

తండ్రి జీవన్ విమానాశ్రయం సరుకుల గోదాములో పని చేస్తాడు. ఊరి చివర రేకుల చర్చిలో సంఘ పెద్ద. ఆ సంఘంలోని వారంతా ఒకటి రెండు తరాల కిందట చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి క్రైస్తవులైన కుటుంబాలవారే. తమ తాతల నాటి చావుల్లో కల్లు తాగి కొట్లాడుకోవడం, రోజుల తరబడి శోకాలు పెట్టడం చూసినవారు. ఆ పాత బతుకు తమది కాదని చూపించుకోవాలనే పట్టుదలతో ఒక ఆచారం పెట్టుకున్నారు. చనిపోయినవారి ఇంట ఎవరూ ఏడవరు. పాటలతో సమాధి చేస్తారు. కొన్నాళ్లకు ఆ ఇంటివారిని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడతారు. ఆ రోజు ఇంటివారిలో ఒకరు మైకు పట్టుకొని దేవునికి స్తోత్రం చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. ఎవరు ఎంత నిబ్బరంగా సాక్ష్యం చెబితే వారి విశ్వాసం అంత గట్టిదని లెక్క.

దీవెన సమాధి రోజున జీవన్ పెట్టె పక్కన నిలబడి తానే పాట ఎత్తుకున్నాడు. గొంతు వణకలేదు. చూసినవారు ఆశ్చర్యపోయారు. కోస్తా నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న పాస్టర్ సమాధానం గారు మరుసటి ఆదివారం ప్రసంగంలో ఆ సంగతి మెచ్చుకున్నారు. ఆ మెప్పు మామిడిపల్లి సంఘం దాకా పాకింది. తెలియనివాళ్లు కూడా వచ్చి జీవన్ చేతులు పట్టుకొని, "మీ విశ్వాసం మాకు మాదిరి అన్నా" అని వెళ్లేవారు. అలా అన్న ప్రతిసారీ అతడి చుట్టూ గోడ ఒక వరస పైకి లేచేది. అతడి భార్య అనుపమ కూడా ఆ గోడకు లోపలే ఉంది.

అనుపమది మంఖాల్‌లో ఒక రైతు కుటుంబం. పెళ్లయ్యాక ఆమె క్రైస్తవురాలైంది. తల్లి స్వరాజ్యం తన దేవుళ్లను తాను కొలుచుకుంటూ ఊళ్లోనే ఉంది. మనవరాలు పోయిన రోజు స్వరాజ్యం ఆటో దిగి మెట్లెక్కుతూనే శోకం ఎత్తుకుంది.

"నా బంగారు కొండా! మొన్ననే మా ఇంటికొచ్చి మక్కకంకులు కాల్సుకొని తింటివి గద బిడ్డా! ఇంకో రెండు దాచిపెట్టు అమ్మమ్మా అంటివి గద బిడ్డా!"

గది మూలన కూర్చున్న అనుపమ ఆ గొంతు విని చేతులు చాపింది. తల్లి తన దగ్గరికి చేరేలోపే జీవన్ అడ్డం వచ్చాడు.

"అత్తా, జర ఆపుండ్రి. మా ఇంట్ల గిట్ల శోకం పెట్టద్దు. మా బిడ్డ దేవుని తానికి పోయింది."

"దేవుని తానికి పోయింది, సరే అల్లుడా. మన తాన నుంచి పోలేదా?" అంది స్వరాజ్యం.

సంఘం ఆడవాళ్లు ఆమెను మర్యాదగానే భుజాలు పట్టుకొని బయటికి తీసుకెళ్లి నీళ్లిచ్చారు. సమాధి కాగానే ఆమె మంఖాల్ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అనుపమ చాపిన చేతులు ఒళ్లో పెట్టుకుంది.

అప్పటి నుంచి సంఘం ఆడవాళ్లు ఆమెను ఒంటరిగా వదలలేదు. ఒంటరిగా ఉంటే దుఃఖం వస్తుందని, దుఃఖంతో పాటు సైతాను వస్తాడని వారి భయం. ఆమె వంటింట్లోకి వెళితే ఒకరు వెనకే వచ్చి ఉల్లిగడ్డలు తరిగేవారు. స్నానానికి వెళితే, "జల్ది రా చెల్లె, పాట మొదలువెడుతున్నం" అని తలుపు దగ్గర పిలుపు. వీళ్లలో చెడ్డవారు ఎవరూ లేరు. సొంత ఇంటి పనులు ఆపుకొని, అన్నం కూర గిన్నెలో పెట్టుకొని వచ్చినవారే. అందుకే వారిని పొమ్మనడానికి అనుపమకు నోరు రాలేదు.

అందరిలో పెద్దది భారతమ్మ. భర్త పోయిన మనిషి. ఆదరణ కూడిక దగ్గర పడుతుంటే అనుపమకు సాక్ష్యం నేర్పే బాధ్యత ఆమె తీసుకుంది.

"ఆదివారం ఏం చెప్తవో అనుకున్నవా చెల్లె?"

"ఏం చెప్పాలె అక్కా?"

"ఏమున్నది? దేవుడు ఇచ్చిండు, దేవుడే తీస్కపోయిండు, ఆయనకే స్తోత్రం. గంతే. నడిమిట్ల ఆగకు. ఆగితే ఏడుపొస్తది. మా ఆయన పోయినప్పుడు నేను గుక్క తిప్పుకోకుంట చెప్పి కూసున్న."

"నువ్వు ఎన్నడు గుక్క తిప్పుకున్నవు గనక భారతక్కా?" అంది పక్కనున్న సక్కుబాయి.

అందరూ నవ్వారు. అనుపమ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగవలసిన చోట ఆగకుండా, మెల్లగా మరొక చప్పుడుగా మారబోయింది. భారతమ్మ వెంటనే చప్పట్లు చరిచి పాట అందుకుంది.

శంషాబాద్ వారికి విమానం కొత్త కాదు. విమానాశ్రయం తెరిచిన కొత్తలో మేడలెక్కి చూసినవారే ఇప్పుడు తలెత్తడం మానేశారు. ఒకరోజు అనుపమ, వెంట ఎవరూ రాని మిద్దె మీద బట్టలు ఆరవేస్తుంటే ఒక విమానం బాగా కిందుగా ఇంటి మీదుగా దిగింది. ఆ హోరులో ఆమె నోటి నుంచి ఒక్కసారిగా కేక వచ్చింది. విమానం దాటాక భయంగా మెట్ల వైపు చూసింది. కింద పాట సాగుతూనే ఉంది. ఎవరికీ వినపడలేదు.

ఆ తరువాత ఆమె రోజూ బట్టలు ఉతికింది. మాసినవి అయిపోతే ఉతికినవే మళ్లీ తడిపి బకెట్‌లో వేసుకొని పైకి వెళ్లేది. దండెం పక్కన నిలబడి ఆకాశం వైపు చెవి పెట్టేది. విమానం వచ్చినప్పుడు ఏడ్చేది. హోరు తగ్గుతుంటే తానూ తగ్గేది. ఒక్కోసారి ఎంతసేపు నిలబడినా విమానం వచ్చేది కాదు. అప్పుడు ఆ ఏడుపును అలాగే మోసుకొని కిందికి దిగేది. "ఎంత సుబ్బరమో మా అనుపమకు" అని ఆడవాళ్లు ఆమె పనితనాన్ని మెచ్చుకునేవారు.

శుక్రవారం మధ్యాహ్నం జీవన్ పెందలాడే ఇంటికి వచ్చాడు. కూడికకు పక్క ఖాళీ ప్లాటులో షామియానా వేయాలి. దాని తాళ్లు ఎక్కడ కట్టవచ్చో చూద్దామని నేరుగా మిద్దె ఎక్కాడు. తల మీద విమానం దిగుతోంది. దండెం మీది చీర పక్కన అనుపమ నిలబడి ఉంది. తల వెనక్కి వాలి ఉంది. నోరు తెరిచి ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. విమానం హోరులో ఆమె చప్పుడేమీ వినిపించడం లేదు. ఆమెకు ఏమైందో అతడికి అర్థం కాలేదు. అంతలో విమానం దాటిపోయింది. ఆమె గొంతు ఆగడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణం అతడు విన్నాడు.

జీవన్ మొదట చేసిన పని చుట్టుపక్కల మిద్దెల వైపు చూడటం.

"ఎవరన్న సూస్తే ఏమనుకుంటరు?"

"ఎవ్వరు సూస్తలేరు," అంది అనుపమ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఇనవడదు గుడ. చప్పుడు ఉన్నంతసేపే ఏడుస్తున్న."

"రోజు గిట్లనేనా?"

"నీకు చెడ్డపేరు తేలే." ఆమె గొంతులో కోపం లేదు. "ఆదివారం సాక్ష్యం చెప్తా, పరేషాన్ కాకు. అంతా నేర్చుకున్న. గని ఒక్కటే అడుగుత. ఆ పొద్దు మా అమ్మను నా దగ్గరికి ఎందుకు రానియ్యలే?"

జీవన్ తాళ్ల సంగతి మరచి కిందికి దిగాడు. ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. కూడికలో తాను చదవవలసిన భాగం చూసుకోవాలని బైబిలు తీశాడు. అది యేసు స్నేహితుడైన లాజరు చనిపోయిన అధ్యాయం. ఎన్నో సమాధుల దగ్గర చదివినదే. చదివిన ప్రతిసారీ లాజరు బతికి లేచే చోటికి త్వరగా వెళ్లిపోయేవాడు. ఈసారి అతడి చూపు నడుమనున్న ఒక చిన్న వచనం దగ్గర నిలిచిపోయింది. స్నేహితుడి సమాధికి పోతూ యేసు ఏడ్చాడని చెప్పే వచనం అది.

సండే స్కూల్లో పిల్లలను కంఠతా వాక్యం చెప్పమంటే అందరూ దాన్నే చెబుతారు. అన్నిటికన్నా పొట్టిది కాబట్టి. దీవెన కూడా ఒకసారి లేచి అదే చెప్పి, గబుక్కున కూర్చుంది. ఆ క్లాసు జీవన్‌దే. "గింత చిన్నదా? సిగ్గులేదా? పెద్దది నేర్చుకొని రా" అని అందరి ముందూ కూతుర్ని మళ్లీ నిలబెట్టాడు. పాప తరువాతి వారం పెద్ద వచనమే నేర్చుకొని వచ్చింది. ఆ చిన్న వచనాన్ని మాత్రం అతడు ఇన్నేళ్లలో ఒక్కసారీ సరిగా చదవలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు మొదట ఏడ్చాడు. అక్కడ ఏడుస్తున్న లాజరు అక్కచెల్లెళ్లను ఊరుకోమని అనలేదు.

శనివారం పొద్దున జీవన్ బండి తీసి, విమానాశ్రయం ప్రహరీ చుట్టూ తిరిగి, శ్రీశైలం రోడ్డు మీదుగా మంఖాల్ చేరాడు. స్వరాజ్యం బర్రెకు గడ్డి వేస్తోంది. అల్లుడిని చూసి కూడా చేతిలో పని ఆపలేదు.

"రేపు కూడిక ఉన్నదత్తా. నువ్వు రావాలె."

"నేనెందుకు బిడ్డా? పాటలు రావు నాకు. వచ్చిందొక్కటే ఏడుపు. అది మీ దేవునికి గిట్టదంటివి."

"మా దేవుడు గుడ ఏడ్చిండత్తా. నేనే నీకు చెప్పలే."

స్వరాజ్యం చేతిలో గడ్డి కింద పడేసి తిరిగింది. "ఎవలకోసం?"

"దోస్తు సచ్చిపోతే."

"మరి ఆయనను ఎవలన్న ఆపిన్రా?"

"ఆపలే."

"ఇగ నువ్వెందుకు ఆపినవ్ నన్ను?"

జీవన్ బర్రె పక్కన, పేడ తట్ట దగ్గర, తల వంచుకొని నిలబడ్డాడు. స్వరాజ్యం "చాయ్ తాగినవా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్లింది.

ఆదివారం సాయంత్రం షామియానా నిండింది. వేదిక వెనక దీవెన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. పొరుగు సంఘాలవాళ్లు వచ్చారు. పేరున్న ప్రసంగీకుడొకరు ముందు కుర్చీలో కూర్చున్నారు. రెండు పాటల తరువాత అనుపమను పిలిచారు. ఆమె నడిచి వెళ్లి మైకు అందుకుంది.

"దేవుడు ఇచ్చిండు..."

అక్కడ ఆగింది. ముందు వరసలో భారతమ్మ పెదవులు కదిపి తరువాతి మాట అందించింది. అనుపమ ఆ పెదవుల వైపే చూసింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. "హల్లెలూయ చెప్పమ్మా" అని ఎవరో అరిచారు. కీబోర్డు మీద రాగం ఎత్తుకున్నారు. ఎటు చూసినా తన నోటి వైపే చూస్తున్న ముఖాలు. దిగి పోవడానికి దారి లేదు. చెప్పడానికి మాట లేదు. ఆమె మైకును రెండు చేతులా బిగించి పట్టుకొని నిలబడింది.

జీవన్ లేచాడు.

"పాట ఆపుండ్రి," అన్నాడు. భార్య చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "నా భార్య ధైర్యంగా ఉన్నదని మీరందరు మెచ్చుకున్నరు. అది ధైర్యం కాదు. నేను ఏడ్వనియ్యలే, గంతే. నా పేరు కోసం ఏడ్వనియ్యలే."

మైకు ఆపి కింద పెట్టాడు. చివరి వరసలోంచి స్వరాజ్యం లేచి వస్తోంది. ఈసారి ఎవరూ అడ్డం పోలేదు. "నా బిడ్డా" అని ఆమె పిలిచిన పిలుపుకు అనుపమ కూలబడినట్టు తల్లి మీద పడింది. ఇద్దరూ నేల మీద కూర్చుండిపోయారు. స్వరాజ్యం మక్కకంకుల దగ్గర ఆగిన శోకాన్ని అక్కడి నుంచే మళ్లీ ఎత్తుకుంది. అనుపమ గొంతు దానితో కలిసింది. ప్రసంగీకుడు గడియారం చూసుకున్నారు. కొందరు లేచి వెళ్లిపోయారు. భారతమ్మ అలవాటు కొద్దీ ఊరుకోబెట్టడానికే వచ్చింది. అనుపమ భుజం మీద చేయి వేసింది. ఏదో అనబోయింది. ఆమె నోటి నుంచి "బిక్షం" అని పేరు వచ్చింది. అది ఆమె భర్త పేరు. ఆమె కూడా అక్కడే కూర్చుండిపోయింది.

జీవన్‌కు ఏడుపు రాలేదు. అంతకాలం బిగించిన గొంతు అడిగిన వెంటనే వదల్లేదు. అతడు వెళ్లి అత్త పక్కన కూర్చున్నాడు. ఆమె శోకం ఆపకుండానే అతడి తలను తన భుజానికి లాక్కుంది.

పాస్టర్ సమాధానం గారు వేదిక దిగి వచ్చారు. మైకు తీసుకోలేదు. వయసు మీద పడిన గొంతుతో మెల్లగా మాట్లాడారు.

"విశ్వాసి ఏడవకూడదని ఇన్నేళ్లు మీకు చెప్పాను. అది ఎక్కడ చదివానో వెదికితే నాకు దొరకడం లేదు. ఏడ్చేవారితో ఏడవమని మాత్రం బైబిల్లో పౌలు రాశాడు. దుఃఖంలో ఉన్నవాడి ముందు పాటలు పాడటం చలిరోజున వాడి ఒంటి మీది బట్ట లాగడం లాంటిదని సొలొమోను సామెతల్లో ఉంది. ఈ తల్లికి మనం నెలరోజులు చేసింది అదే. చనిపోయినవారు తిరిగి లేస్తారని మనం నమ్ముతాం. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకొని తల్లి నోరు మూయించాం. ఇవాళ ప్రసంగం లేదు. వెళ్లవలసినవారు వెళ్లండి. ఉండగలిగినవారు వచ్చి ఈమె దగ్గర కూర్చోండి."

కొందరు వచ్చి కూర్చున్నారు. ఎవరూ పాడలేదు.

పాఠకులు ఏ మతంవారైనా, చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క సంగతి మరువకూడదు: దుఃఖంలో ఉన్నవారిని ముందు ఏడవనివ్వాలి, వీలైతే వారితో కలిసి ఏడవాలి, ఆదరణ అక్కడి నుంచే మొదలవుతుంది.