ఫ్లోరెన్స్‌ను మాయం చేసిందెవరు?

శనివారం పొద్దున చంద్రిక చూసుకునేసరికి ఇటలీ ప్రయాణంలో ఫ్లోరెన్స్ నగరం లేదు.

రోమ్ ఉంది. వెనిస్ ఉంది. ఫ్లోరెన్స్‌కు కేటాయించిన మూడు రోజులూ మంచుకొండలకు, కేబుల్ కారుకు, చాక్‌లెట్ ఫ్యాక్టరీకి వెళ్లిపోయాయి. ట్రావెల్స్ భూషణం పంపిన కొత్త కార్యక్రమం అది. ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. ఊరికి ఊరే ఎగిరిపోయింది.

చంద్రిక నాచారంలో ఒక స్కూల్లో డ్రాయింగు టీచరు. ఇరవై ఏళ్లుగా ఫ్లోరెన్స్ గోపురాన్నీ, వంతెననూ, శిల్పాలనూ పుస్తకాల్లో చూపించి పిల్లల చేత గీయిస్తోంది. వాటిని ఒక్కసారి కళ్లారా చూడాలన్నదే ఆమె కోరిక. అంతదూరం ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. సరే, ఒంటరిగా కాదు అనుకుని, ఉప్పల్లో తెలిసినవాళ్లను కూడగట్టి పదహారుమందిని పోగేసింది. ఏప్రిల్లో వెళితే ఎండా చలీ రెండూ బాధించవని లెక్క తేల్చింది ఆమే. దుబాయ్‌లో విమానం మారాలని, మ్యూజియం టిక్కెట్లు ఇక్కడి నుంచే తీసుకోవాలని, ఇప్పట్నుంచే అందరూ బూట్లేసుకుని నడక అలవాటు చేసుకోవాలని చెప్పిందీ ఆమే.

సోమవారం పాస్‌పోర్టులు వీసాకు వెళతాయి. వాటితో పాటే హోటళ్లు ఖాయమైపోతాయి. ఆ తర్వాత ఎవరు ఏడ్చి మొత్తుకున్నా ఊళ్లు మారవు.

అంటే దొంగను పట్టుకోవడానికి ఆమె చేతిలో ఉన్నది శని, ఆదివారాలే. చంద్రిక చెప్పులేసుకుంది.

మెట్రో స్తంభాల కోసం తవ్విన రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతూ హబ్సిగూడ చేరింది. భూషణం ఆమెను చూడగానే ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎవరూ లేరని చంద్రికకు తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎంతసేపని నటిస్తాడు, ఫోను కింద పెట్టాడు.

"ఎవరు తీసేయమన్నారు?"

"గ్రూపులో ఒకరు అడిగారు మేడమ్. పేరు చెప్పనని మాటిచ్చాను."

"ఈ గ్రూపును కట్టింది నేను."

"కాదన్నానా? చాక్‌లెట్ ఫ్యాక్టరీ కూడా మంచిదే మేడమ్. లోపల ఎంత తింటే అంత పెడతారు."

"నాకు షుగరు," అంది చంద్రిక. లేదు. కానీ ఆ నిమిషంలో అంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

మొదటి అనుమానం గోపాలరావు మీదికి పోయింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. నడవమన్న రోజు నుంచీ సణుగుతున్నాడు. సాయంత్రం ఉప్పల్ పార్కులో కుంటుకుంటూ కనిపించాడు.

"నేనా?" అన్నాడు గోపాలరావు, బెంచీ మీద కూలబడి బూటు విప్పుతూ. "ఈ మడమ చూడమ్మా. కొత్త బూట్లు కరిచి పుండయింది. ఫ్లోరెన్స్ లేకపోతే ఈ పుండు దేనికి? ఎవరికి చూపించుకోను?"

మనిషి అబద్ధమాడినా మడమ ఆడదు. చంద్రిక లేవబోతుంటే ఆయనే మళ్లీ అన్నాడు. "అయినా అక్కడంతా జేబుదొంగలేనట కదా. గండయ్య చెప్పాడు."

గండయ్యది పాత ఉప్పల్ ఊరు. ఒకప్పుడు పొలం దున్నిన కుటుంబం, ఇప్పుడు ఫంక్షన్ హాలు నడుపుతోంది. కొడుకు, కోడలు, తమ్ముడు, మరదలు, వియ్యంకుడు, వియ్యపురాలు అందరూ కలిసి పదహారుమందిలో సగం ఆయన ఇంటివాళ్లే. ఆదివారం పొద్దున్నే చంద్రిక ఆ ఇంట్లో తేలింది.

గండయ్య భార్య కిష్టమ్మ ప్రయాణం కోసం కారప్పొడి జల్లిస్తోంది. "చాయ తాగుతవా టీచరమ్మా? గా ఊరు పోతే పోయిందిలే, ఫికర్ జెయ్యకు. ఆడి నీళ్లు మనకు పడయంట. మా ఆయిన జెప్పిండు."

కోడలు సరిత సూట్‌కేసులోంచి తల ఎత్తింది. "నీళ్లేంది అత్తమ్మా? ఆడ హోటల్ల లిఫ్టు లేదంట. మామ నాతోని గట్లనే అన్నడు."

చంద్రిక చాయ తాగలేదు. ఒకే మనిషి ముగ్గురికి మూడు కారణాలు చెప్పాడంటే, అసలు కారణం ఎవరికీ చెప్పుకోలేనిదన్నమాట. ఆమె నేరుగా ఫంక్షన్ హాలుకు నడిచింది.

గండయ్య తెల్లచొక్కా వేసుకుని, ఖాళీ హాలు మధ్యలో కుర్చీలో కూర్చుని ఫ్యాన్లు తుడిపిస్తున్నాడు.

"గోపాలరావు గారికి దొంగలన్నారు," అంది చంద్రిక. "కిష్టమ్మ గారికి నీళ్లన్నారు. సరితకు లిఫ్టన్నారు. నాకేం చెబుదామనుకున్నారు?"

గండయ్య ఫ్యాన్ల మీంచి చూపు దించాడు. "నీకు వానలని జెప్దామనుకున్న."

"ఏప్రిల్లోనా?"

"నువ్వు నమ్మవని ఎరికే. అందుకే నీకు దొర్కకుంట తిరుగుతున్న."

"గండయ్య గారూ, సూటిగా చెబుతున్నాను. ఆ ఊరు లేకపోతే నేను రాను. నా పాస్‌పోర్టు రేపు తిరిగి తీసుకుంటాను. మంచుకొండలు మీరే చూసి రండి."

"నువ్వు రాకుంటే మమ్ముల ఎవరు తిప్పుతరు?"

"భూషణం తిప్పుతాడు."

ఆ మాట గట్టిగానే తగిలింది. గండయ్య పనివాళ్లను బయటికి పంపాడు. ఇంకో కుర్చీ తన పక్కకు జరిపి ఆమెను కూర్చోమన్నాడు. గొంతు తగ్గించాడు.

"నేనే తీపిచ్చిన. ఇగ దాస్తే ఏమొస్తది? ఆ దినం మా ఇంట్ల పెద్ద టీవీల గా ఊరి బొమ్మలు సూపిచ్చినవ్ గదా. గోపురమొచ్చింది, వంతెనొచ్చింది, మంచిగున్నయనుకున్న. గప్పుడు గా తెల్లరాతి పిలగాడు వచ్చిండు. టీవీ నిండ నిలబడ్డడు. ఒంటి మీద నూలుపోగు లేదు. నాకు ఎడమ దిక్కు కోడలు, కుడి దిక్కు మా వియ్యపురాలు. కోడలు ఇంట్లున్నదంటే నేను అంగి లేకుంట అర్రలకెల్లి బయటికే రాను. నువ్వేమో కట్టె వట్టుకొని గా నరం సూడున్రి, గీ మోకాలు సూడున్రని పాఠం జెప్పవడితివి. రిమోట్ దేవులాడితే జల్ది దొర్కలే. ఆడ ముగ్గురు మనుషులెత్తు ఉంటదంటివి. మ్యూజియం లోపటికి రాకుంట తప్పిచ్చుకుందామంటే, బయట చౌరస్తల గూడ గసొంటిదే ఇంకోటున్నదంటివి. వియ్యపురాలి పక్కన నిలబడి నేను ఏ దిక్కు సూడాలె? ఏం మాట్లాడాలె? అందుకే ఊరే తీపిచ్చిన. తప్పే. ఇప్పుడే భూషణానికి ఫోన్ జేస్త, నీ ఊరు నీకు ఇప్పిస్త. కాని ఒక్క మాట. గా బొమ్మ కాడికి ముందుగాల ఆడోళ్లందర్ని నువ్వు తీస్కపో. ఆళ్లు వాపసొచ్చినంక మొగోళ్లం పోతం. పోతమనే అంటున్న, ఇను. రిమోట్ దొరికేదాంక నేను గూడ సూసిన గదా టీచరమ్మా. గా చేతి మీది నరాలు రాయిల ఎట్ల తీసిండో నాకింక సమజయితలేదు. ఎవ్వలకు జెప్పకు, నాగ్గూడ దగ్గరికి పోయి సూడాలనే ఉన్నది."